పన్నెండేళ్ల ఏసీ: బాగుచేయించాలా, మార్చేయాలా?

తెలంగాణలో ఇంటి కరెంటుకు సంబంధించి ఒక యూనిట్ ఉంది. దాని ధర 207 రూపాయల 70 పైసలు. నెలలో మీరు కాల్చే 201వ యూనిట్ అది.

లెక్క ఇదీ. 2022లో సవరించిన ధరల పట్టిక ప్రకారం నెలకు 200 యూనిట్ల దాకా వాడిన ఇంటికి మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున మొత్తం 820 రూపాయలు పడుతుంది. మీటరు ఇంకొక్క అంకె తిరిగిందా, ఇల్లు పై కేటగిరీలోకి వెళ్లిపోతుంది. అక్కడ మొదటి యూనిట్ నుంచే 5.10 చొప్పున 200 యూనిట్లకు 1,020, మిగిలిన ఆ ఒక్క యూనిట్‌కు 7.70. వెరసి 1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్‌ఛార్జీలు వేరే. గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికైతే దెబ్బ ఇంకా గట్టిది. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది.

ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, మిక్సీ, మోటారు అన్నీ కలిపి నెలకు 120, 140 యూనిట్లలో నడిచే ఇంటిని ఏప్రిల్, మే నెలల్లో ఆ గీత దాటించేది సాధారణంగా ఒక్కటే వస్తువు. అదీ పాతదైతే మరీను. అందుకే ఎండాకాలం ముందు ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది: "మన ఏసీ కొని పన్నెండేళ్లయింది కదా, మార్చేద్దామా?"

వయసు ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పలేం. పన్నెండేళ్ల ఏసీని ఇంకో మూడేళ్లు నిశ్చింతగా వాడుకోదగ్గ ఇళ్లున్నాయి. ఏడేళ్ల ఏసీని ఈ ఏడాదే తీసేయాల్సిన ఇళ్లూ ఉన్నాయి. తేల్చేవి రెండు అంకెలు. యంత్రం ఏడాదిలో ఎన్ని గంటలు తిరుగుతోంది, ఆ యూనిట్లు బిల్లులో ఏ శ్లాబులో పడుతున్నాయి. రిపేర్ ఖర్చు మూడో అంకె. దాని సంగతి తర్వాత.

టన్ను, స్టార్, 1,600 గంటలు

ఏసీ చలిని తయారుచెయ్యదు. గదిలో ఉన్న వేడిని తోడి బయట పారబోస్తుంది. పనితీరులో ఇది హీట్ పంపే. చలి దేశాల్లో ఇదే యంత్రానికి గ్యాస్ దారి మళ్లించే ఒక వాల్వు పెట్టి, బయటి వేడిని ఇంట్లోకి తోడిస్తారు. ఒక అమెరికన్ టన్ను మంచు, అంటే సుమారు 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి లాక్కుంటుందో అంత వేడిని తోడే సామర్థ్యాన్ని ఒక టన్ను అన్నారు. అది 3.5 కిలోవాట్లు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే టన్నున్నర మెషిన్ 5.2 కిలోవాట్ల వేడిని తోడగలదు. తోడటానికి అంత కరెంటు అక్కర్లేదు. ఒక యూనిట్ కరెంటు ఖర్చుపెట్టి ఎన్ని యూనిట్ల వేడిని బయటకు పంపుతుందన్నదే దాని నాణ్యత. పాత ఏసీల్లో ఆ అంకె 3 దగ్గర ఉండేది. కొత్త 5 స్టార్‌లో 5, ఆ పైన.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించేది స్టార్ల సంఖ్య. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ కొన్నేళ్లకోసారి పట్టికను బిగిస్తూ వస్తోంది. 2010లో స్ప్లిట్ ఏసీకి 5 స్టార్ రావాలంటే పైన చెప్పిన ఆ అంకె 3.10 ఉంటే చాలు. 2018 పట్టికలో అదే 3.10కి దక్కేది ఒక్క స్టార్. 2022 జులై పట్టికలో ఒక స్టార్‌కే 3.30 కావాల్సి వచ్చింది, అయిదింటికి 5.00. కొలిచే పద్ధతి మధ్యలో మారింది కాబట్టి ఇది అణా పైసలతో సరితూగే పోలిక కాదు. అయినా సంగతి అర్థమవుతుంది. 2010లో అయిదు స్టార్లతో షోరూం నుంచి ఇంటికొచ్చిన మెషిన్‌కు ఇప్పుడు లేబులే రాదు. 2026 జనవరి నుంచి పట్టికను మరోసారి బిగించారు. కాబట్టి "మాది 5 స్టారే" అనే మాటకు, అది ఏ సంవత్సరపు 5 స్టారో చెప్పకపోతే, అర్థం లేదు.

లేబుల్ మీద స్టార్ల కన్నా పనికొచ్చే అంకెలు రెండున్నాయి. ఒకటి ఐఎస్‌ఈఈఆర్. బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఎన్నెన్ని గంటలు ఉంటుందో లెక్కగట్టి, ఏడాది మొత్తానికి తేల్చిన సగటు సామర్థ్యం అది. రెండోది, ఏడాదికి 1,600 గంటలు నడిపితే కాలే యూనిట్లు. టన్నున్నర మెషిన్‌కు ఐఎస్‌ఈఈఆర్ 5 ఉంటే ఆ అంకె సుమారు 750 ఉంటుంది. 3.9 ఉన్న 2022 పట్టిక 3 స్టార్‌కు 960 చిల్లర. ఇదే కొలతతో చూస్తే 3 దగ్గర ఉన్న పాత ఫిక్స్‌డ్ స్పీడ్ మెషిన్ 1,250 యూనిట్లు తాగుతుంది. పన్నెండేళ్లలో కాయిల్ రెక్కలు నలిగి, దుమ్ము పేరుకుని, కంప్రెసర్ అరిగి మరో 15 శాతం దిగజారిందనుకుంటే 1,440 అవుతుంది.

గంటకు లెక్కేస్తే పాతది 0.90 యూనిట్. ఐఎస్‌ఈఈఆర్ 5 ఉన్న 2022 పట్టిక 5 స్టార్ 0.47. గంటకు 0.43 యూనిట్ తేడా. ఇక్కడి నుంచి మన లెక్కంతా ఈ 0.43 మీదే.

హైదరాబాద్ రాత్రులు, విజయవాడ పగళ్లు

ముందు ఖర్చు చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపని ధర 35,000 ఉన్న మెషిన్ అంతకుముందు 44,800 పడేది, ఇప్పుడు 41,300. బిగింపు కూలీ, అదనపు కాపర్ పైపు, స్టాండు కలిపి, పాతదానికి ఇచ్చే ఎక్స్ఛేంజ్ తీసేస్తే, టన్నున్నర 5 స్టార్ ఇన్వర్టర్ ఇంట్లో నడవడానికి చేతినుంచి పోయేది 42,000 అనుకుందాం. ఊరిని బట్టి, కంపెనీని బట్టి రెండు మూడు వేలు అటూఇటూ ఉంటుంది.

హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు తీసుకోండి. పగలు తాళం. మార్చి నెలాఖరు నుంచి జులై మొదటి వారాల దాకా పడకగదిలో రాత్రి ఏడు గంటలు ఏసీ. 110 రాత్రులంటే 770 గంటలు. ఆదా అయ్యేది 331 యూనిట్లు. ఎండాకాలంలో ఆ ఇంటి పై యూనిట్లు 7.70, 9 రూపాయల శ్లాబుల్లో పడతాయి గనుక సగటున 8.50 వేసుకుంటే ఏడాదికి 2,800 రూపాయలు. పెట్టిన 42,000 తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అంతెందుకు, ఆ 42,000ను ఆరున్నర శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 2,730 వడ్డీ వస్తుంది. పెట్టుబడి పోగొట్టుకోకుండానే.

ఇప్పుడు విజయవాడ ఇల్లు. పెద్దవాళ్లు పగలంతా ఇంట్లోనే. కృష్ణ ఒడ్డున ఉక్కపోత మార్చిలో మొదలై అక్టోబర్‌కు గానీ పూర్తిగా తగ్గదు. 200 రోజులు, రోజుకు 12 గంటలు. 2,400 గంటలకు ఆదా 1,032 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ పట్టికలో 201వ యూనిట్ లాంటి గండం లేదు. ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు ధరే. కానీ 225 దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75. సగటున 9 వేసుకున్నా ఏడాదికి 9,288. నాలుగున్నరేళ్లలో డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత నడిచిన కాలమంతా లాభమే.

రెండిళ్లలోనూ ఒకటే పాత మెషిన్, ఒకటే కొత్త మెషిన్. ఒక చోట మార్చడం దండగ, ఇంకో చోట మార్చకపోవడం దండగ.

గీత ఎక్కడ గీయాలి? పెట్టిన డబ్బు ఏడేళ్లలో రావాలనుకుంటే ఏడాదికి 6,000 మిగలాలి. యూనిట్ 8.75 చొప్పున 686 యూనిట్లు, అంటే దాదాపు 1,600 గంటలు. లేబుల్ మీద అచ్చేసిన గంటలు కూడా సరిగ్గా అవే కావడం కాకతాళీయమే గానీ, గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. 200 రోజులు, రోజుకు 8 గంటలు. అంతకన్నా తక్కువ తిప్పేవాళ్లు, మెషిన్ చల్లగా ఇస్తున్నంత కాలం, కరెంటు ఆదా పేరు చెప్పి దాన్ని మార్చనక్కర్లేదు. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇంటి పైన సోలార్ పెట్టుకున్నవాళ్లకు ఈ గీత ఇంకా పైకి జరుగుతుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ తీసుకుని ప్యానెళ్లు బిగించుకున్న ఇంట్లో నెల యూనిట్లలో చాలా భాగం పైకప్పు నుంచే వస్తుంది. ఆ ఇంట్లో ఆదా చేసిన యూనిట్ విలువ 9 రూపాయలు కాదు. గ్రిడ్‌కు ఎగుమతి చేసినదానికి ఎంత ఇస్తారో అంతే.

మీ ఇంటి గంటలు తెలుసుకోవడానికి డైరీ రాయనక్కర్లేదు. పాత బిల్లులు చాలు. డిసెంబర్‌లో 140 యూనిట్లు, మేలో 410 వచ్చాయనుకోండి. తేడా 270. ఫ్యాన్లూ ఫ్రిజ్ ఎండాకాలం ఎక్కువ లాగుతాయి కాబట్టి ఓ 30 తీసేయండి. మిగిలిన 240ని 0.90తో భాగిస్తే ఆ నెలలో ఏసీ 267 గంటలు తిరిగినట్టు. అలా ఒక్కో నెలా కూడండి.

ఒక చిన్న మెలిక. ఇన్వర్టర్ ఆదా అంతా నెమ్మదిగా, ఎక్కువసేపు నడవడంలో ఉంది. గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకుని సాగుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు వేసి కట్టేసే అలవాటున్న ఇంట్లో ఆ గంటంతా అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది, కాబట్టి పైన చెప్పిన 0.43 అక్కడ రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. నార్త్ కరోలినా, జార్జియా లాంటి చోట్ల ఒకే హీట్ పంప్ ఎండాకాలం చల్లదనం, చలికాలం వెచ్చదనం రెండూ ఇస్తుంది. ఏడాదిలో తిరిగే గంటలు సులువుగా రెట్టింపవుతాయి, కాబట్టి సామర్థ్యం పెంచుకోవడం అక్కడ త్వరగా గిట్టుబాటవుతుంది. అక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది. యంత్రం చేతకాక చతికిలపడినప్పుడు దానంతట అదే వెలిగే ఆక్సిలరీ హీట్ అనే విద్యుత్ కాయిల్. హీట్ పంప్ ఒక యూనిట్‌కు రెండున్నర, మూడు యూనిట్ల వేడి తెస్తే, ఆ విద్యుత్ కాయిల్ ఒకటికి ఒకటే ఇస్తుంది. ఓ మోస్తరు చలికే థర్మోస్టాట్ మీద ఆ పేరు తరచూ కనిపిస్తోందంటే బిల్లు రెండు మూడింతలవుతోందని అర్థం. ముందు గ్యాస్, వాల్వు, సెన్సర్ చూపించాలి. కొత్త హీట్ పంప్‌కు 2,000 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. పాత లెక్కలు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆ మొత్తాన్ని తీసేసి మళ్లీ వేసుకోవాలి.

మీటరు మీద ఎర్ర దీపం

పాత మెషిన్ నిజంగా గంటకు 0.90 లాగుతోందా, ఇంకా ఎక్కువా? ఇది మీరే తేల్చుకోవచ్చు. కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కన ఒక అంకె అచ్చేసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అని. మధ్యాహ్నం పూట ఏసీ వేసి అరగంట ఆగండి. ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ కట్టేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక నిమిషంలో దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 85 వచ్చిందనుకుందాం. 85ని 60తో గుణించి 3200తో భాగిస్తే 1.6. కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ మెషిన్ 1.6 కిలోవాట్లు లాగుతోందన్నమాట. టన్నున్నర పాత ఏసీకి ఇది సహజం. 2 దాటితే ఏదో తేడా ఉంది. బయట గాలి ఆడటం లేదో, కాయిల్ మూసుకుపోయిందో చూడాలి. 1.1, 1.2 దగ్గరే ఉండి గదీ చల్లబడకపోతే మురిసిపోకండి, గ్యాస్ తగ్గిందనడానికి అది గుర్తు.

రెండో పరీక్షకు ఒక గది థర్మామీటర్ చాలు. ఇండోర్ యూనిట్ పైన గాలి పీల్చుకునే చోట ఓసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఓసారి పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే మెషిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానలకు ముందు తేడా కాస్త తక్కువ కనిపిస్తుంది. ఏసీ శక్తిలో కొంత భాగం గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికి పోతుంది. డ్రెయిన్ పైపు నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయంటే పని జరుగుతోందనే.

ఈ రెండూ సరిగ్గా ఉండి గది మాత్రం చల్లబడటం లేదంటే తప్పు ఏసీది కాకపోవచ్చు. పై అంతస్తులో రోజంతా కాలిన స్లాబు రాత్రి రెండింటిదాకా వేడి దింపుతూనే ఉంటుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. డాబా మీద తెల్లటి రిఫ్లెక్టివ్ పూతకయ్యే ఖర్చు ఏసీ ధరలో చిన్న భాగం.

"కంప్రెసర్ పోయిందండీ"

రిపేర్ల సంగతికొస్తే, అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది గ్యాస్ దగ్గర. ఏటా గ్యాస్ పట్టించాలి అనే మాట ఊరూరా పాతుకుపోయింది. గ్యాస్ పెట్రోల్‌లా కాలిపోయేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడింది. లీకు పట్టుకోకుండా నింపితే మూడు వేలు ఇచ్చి మూడు నెలల చల్లదనం కొన్నట్టు. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూడటం మెకానిక్ చేయాల్సిన పని. లీకు ఫ్లేర్ నట్టు దగ్గరుంటే అదృష్టం, బిగిస్తే పోతుంది. ఇండోర్ కాయిల్‌లో ఉంటే ఆలోచించాలి. విశాఖ బీచ్ వైపు ఉప్పు గాలికి అవుట్‌డోర్ కాయిల్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. మురుగు కాలువల పక్కన ఉండే ఇళ్లలో కాలువ నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగి గొట్టాలను లోపల్లోపల తినేస్తుంది. ఒకచోట అతికిస్తే ఇంకోచోట చిల్లు పడుతుంది.

ఏ గ్యాసన్నది కూడా చూడాలి. అవుట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన ప్లేటు మీద ఉంటుంది. ఆర్-22 అని ఉంటే అది ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాస్. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఈ జాతి గ్యాసుల వాడకాన్ని మన లాంటి దేశాలు 2020కి 35 శాతం, 2025కి 67.5 శాతం తగ్గించాలి. 2030 తర్వాత పాత యంత్రాల మరమ్మతుకు అరకొరగా తప్ప దొరకదు. ఆర్-22 మెషిన్‌కు పెద్ద రిపేర్ చేయించడమంటే కొరత వైపు వెళ్తున్న సరుకు మీద డబ్బు పెట్టడం. ఆర్-32 అని ఉంటే ఆ చింత లేదు.

ఇప్పుడు రిపేర్ ఖర్చును లెక్కలోకి తెద్దాం. మే నెల మధ్యలో ఏసీ ఆగిపోయింది. అవుట్‌డోర్ గుంయ్‌మంటోంది, స్టార్ట్ కావడం లేదు. మెకానిక్ వచ్చి నిమిషంలో తేల్చేశాడు, "కంప్రెసర్ పోయిందండీ, పద్నాలుగు వేలవుతుంది" అని. వెంటనే ఒప్పుకోకండి. "కెపాసిటర్ మార్చి చూశావా బాబూ?" అని అడగండి. సబ్బు పెట్టె అంత కూడా లేని ఆ డబ్బా ఉబ్బిపోతే కంప్రెసర్ అచ్చం ఇలాగే మొరాయిస్తుంది. అయిదారు వందల్లో తేలిపోయే పని.

కంప్రెసర్ నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడు పోల్చాల్సింది 42,000ను కాదు. బాగుచేయించినా 14,000 ఎలాగూ పోతుంది కాబట్టి కొత్తదాని కోసం అదనంగా పెట్టేది 28,000 మాత్రమే. విజయవాడ ఇంట్లో అది మూడేళ్లలో వచ్చేస్తుంది, రెండో ఆలోచన అక్కర్లేదు. హైదరాబాద్ ఇంట్లో ఏడాదికి 2,800 చొప్పున పదేళ్లు పడుతుంది. అంకెలు ఇంకా రిపేర్ వైపే మొగ్గుతున్నాయి కదా అనిపిస్తుంది. కానీ పన్నెండేళ్ల కాయిళ్లకు కొత్త కంప్రెసర్ తగిలిస్తే అది ఇంకో పదేళ్లు నడుస్తుందన్న నమ్మకం లేదు. నాలుగేళ్లకు ఇంకొకటి పోతే ఆ 14,000కు ఏడాదికి 3,500 అద్దె కట్టినట్టు. నా లెక్కలో రిపేర్ ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతుకు చేరితే, మెషిన్ పదేళ్లు దాటి ఉంటే, అది ఆర్-22 అయితే, ఇక ఆగడం అనవసరం. కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, సెన్సర్, డ్రెయిన్ పైపు లాంటివి ఏ వయసులోనైనా బాగుచేయించుకోవచ్చు.

ఈ లెక్కకు ఇంకో వైపుంది. పాత ఫిక్స్‌డ్ స్పీడ్ మెషిన్‌లో ఎలక్ట్రానిక్స్ తక్కువ, రిపేర్లు చవక. ఇన్వర్టర్ అవుట్‌డోర్ యూనిట్‌లో పీసీబీ, అంటే ఎలక్ట్రానిక్ బోర్డు, ఉంటుంది. వెచ్చగా ఉంటుందని బల్లి దూరి రెండు పిన్నుల మధ్య పడితే బోర్డు కాలిపోతుంది. ఆరేడు వేలు వదులుతాయి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో రాసే కంపెనీలు పీసీబీకి ఎన్నేళ్లో చిన్న అక్షరాల్లో రాస్తాయి. కొనేటప్పుడు అడగాల్సింది దాని గురించే. వారంటీ లేకపోతే ఏడేళ్లలో ఒకసారి బోర్డు పోతుందనుకుని ఆ ఆరు వేలు ఖర్చులో ముందే కలుపుకోండి.

కొత్తది కొనేటప్పుడు

5 స్టారే కొనాలనే నియమం ఏమీ లేదు. 2022 పట్టిక లెక్కన 3 స్టార్‌కూ 5 స్టార్‌కూ గంటకు 0.13 యూనిట్ తేడా, ధరలో సుమారు 8,000 తేడా. 770 గంటల హైదరాబాద్ ఇంటికి ఏడాదికి మిగిలేది వంద యూనిట్లు, 850 రూపాయలు. తొమ్మిదేళ్ల పైమాట. 3 స్టార్ చాలు. 2,400 గంటల విజయవాడ ఇంటికి 312 యూనిట్లు, 2,800 రూపాయలు. మూడేళ్లు తిరక్కముందే 8,000 వచ్చేస్తుంది. పిల్లల గదికో, అతిథుల గదికో కొనే రెండో ఏసీ దగ్గర చాలామంది 5 స్టార్‌కు డబ్బు పోస్తారు. ఏడాదికి 150 గంటలు కూడా తిరగని మెషిన్ అది.

పట్టిక మారిన ఏడాది షాపుల్లో పాత లేబుళ్ల సరుకు కూడా ఉంటుంది. లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతుందో అచ్చేసి ఉంటుంది. స్టార్లు వదిలేసి ఐఎస్‌ఈఈఆర్ అంకెను పోల్చండి. 5.1 ఉన్న పాత 5 స్టార్ తగ్గింపు ధరకు వస్తే, కొత్త పట్టికలో అంతే అంకె ఉన్న 4 స్టార్ కన్నా అది తీసిపోదు. అక్టోబర్ నుంచి జనవరి మధ్య కొంటే బేరానికీ వీలుంటుంది, బిగించేవాళ్లూ తీరుబడిగా దొరుకుతారు. మేలో మెషిన్ చచ్చాక కొనేవాళ్లకు ఈ రెండూ ఉండవు.

పాత ఆర్-22 పైపులకే కొత్త ఆర్-32 మెషిన్ తగిలిస్తామంటే ఒప్పుకోవద్దు. కొత్త గ్యాస్ ఎక్కువ ఒత్తిడితో నడుస్తుంది. పైగా పాత పైపుల్లో మిగిలిపోయిన నూనె దీనికి పడదు. బిగించాక వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో గాలి, తేమ లాగేయాలి. గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని తరిమేసే అడ్డదారి ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది కాబట్టి అది డబ్బు దండగే కాక ప్రమాదం కూడా.

ఇక గోడ మీంచి దిగే పాత మెషిన్. పర్యావరణం కోసమే మారుస్తున్నామనేవాళ్లు ఈ లెక్క చూడాలి. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. హైదరాబాద్ ఇంట్లో ఏడాదికి మిగిలే 331 యూనిట్లు 232 కిలోలకు సమానం. ఆర్-22 ఒక కిలో గాలిలో కలిస్తే అది 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత చేటు చేస్తుంది. మెషిన్ విప్పేటప్పుడు నట్టు వదులుచేసి ఆ గ్యాస్‌ను బుస్సుమని వదిలేస్తే, కొత్త ఏసీ దాదాపు ఎనిమిదేళ్లు ఆదా చేసి పూడ్చాల్సినంత నష్టం అర నిమిషంలో జరిగిపోతుంది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చిన మెషిన్ చాలాసార్లు సెకండ్ హ్యాండ్ షాపు మీదుగా ఇంకో ఇంటి గోడెక్కి, అక్కడా గంటకు 0.90 లాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. గ్యాస్‌ను ఆపడం మాత్రం ఉంది.

దానికి పంప్ డౌన్ అంటారు. అవుట్‌డోర్ యూనిట్ పక్కన రెండు వాల్వులుంటాయి. ఏసీ నడుస్తుండగా సన్న పైపు వాల్వును ఆలెన్ కీతో మూస్తారు. గదిలోని పైపుల నుంచి గ్యాస్‌ను కంప్రెసర్ లాగి అవుట్‌డోర్ యూనిట్‌లోకి నింపుకుంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో గేజీ ముల్లు సున్నాకు దిగుతుంది. అప్పుడు లావు పైపు వాల్వు కూడా మూసేసి, కరెంటు ఆపి, తర్వాత పైపులు విప్పుతారు. కంప్రెసర్ తిరుగుతున్న మెషిన్‌కే ఇది కుదురుతుంది, కాబట్టి పాతది పూర్తిగా చచ్చేదాకా ఆగకపోవడానికి ఇదీ ఒక కారణం. బిగించడానికి వచ్చినవాళ్లను మెట్లెక్కేటప్పుడే అడగండి. స్పానర్ పైపు మీద పడ్డాక అడిగి లాభం లేదు.